కృపారాణి కొన్న ఇయర్‌బడ్స్ గురించి ఓబుళేశు చెప్పినది

నా పేరు ఓబుళేశు. తండ్రి పేరు కంబన్న. వయసు నలభై మూడు సంవత్సరాలు. కోయిలకుంట్ల బజారులో సెల్‌ఫోన్ సామాన్ల అంగడి పెట్టుకుని పద్నాలుగేళ్లుగా బతుకుతున్నాను. ఫోన్లు అమ్మను. ఛార్జర్లు, కవర్లు, స్క్రీన్ గ్లాసులు, ఇయర్‌ఫోన్లు అమ్ముతాను. రీఛార్జీలు చేస్తాను. పదో తరగతి వరకు చదివాను. తెలుగు చదవడం, రాయడం వచ్చు.

ఈ రోజు 2025 డిసెంబరు 15, సోమవారం. ఉదయం పదకొండు గంటలకు ఈ కోర్టుకు వచ్చాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. మొన్న శుక్రవారం నేనే అర్జీ పెట్టుకుంటే ఈ రోజు రమ్మన్నారు. చెప్పి తీరాలని లేదనీ, చెబితే కొన్ని మాటలు నాకే ఎదురు తిరగవచ్చనీ మేజిస్ట్రేటు గారైన తమరు ముందే హెచ్చరించారు. ఆలోచించుకోమని అరగంట బయట కూర్చోబెట్టారు. అరగంటలో నా మనసు మారలేదు. నాకు మాట్లాడేటప్పుడు పక్కదారి పట్టే అలవాటు ఉంది. అలా పోతే ఆపమని, రాసేది మాత్రం నా మాటలే రాయమని కోరాను.

నవంబరు 28న పోలీసులకు నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. అడిగినదానికే చెప్పాను. కానీ దాన్ని పట్టుకుని ఒక ఆడపిల్ల తన కాలు తానే పోగొట్టుకుందని తేల్చేస్తున్నారు. అది సరిచేయడానికి వచ్చాను.

ఆ అమ్మాయి పేరు కృపారాణి. వయసు ఇరవై రెండు. కోయిలకుంట్లకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రమిట్ట వాళ్ల ఊరు. తండ్రి దాసన్న. రెండెకరాల శనగ చేను ఉంది, కూలికి కూడా పోతాడు. తల్లి లేదు. కృపారాణి డిగ్రీ చదివింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ రోజూ పొద్దున ఐదున్నరకు జమ్మలమడుగు రోడ్డు మీద పరిగెత్తేది. పదహారు వందల మీటర్లు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తిందో అంగడికి వచ్చినప్పుడల్లా చెప్పేది. నేను అడగకపోయినా చెప్పేది.

నవంబరు 8, శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఆమె వచ్చి పన్నెండు వందల లోపల ఇయర్‌బడ్స్ చూపించమంది. ఎవరు అడిగినా నేను ముందు వేసే ప్రశ్న ఒకటే, దేనికి అని. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి వచ్చి, బేస్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అని నాకే పాఠం చెబుతారు. చివరికి రంగు చూసి కొంటారు. ఈ అమ్మాయి జవాబు తయారుగా పెట్టుకుని వచ్చింది. పొద్దున పరుగుకు కావాలి, పగలు కోచింగ్ క్లాసులు వినడానికి కావాలి, బస్సులో ఫోను మాట్లాడితే అవతలివాళ్లకు వినపడాలి అంది.

"చెమటకు చెడిపోకూడదన్నా. పరిగెత్తితే చెవిలోనుంచి జారి పడకూడదు. ఇంగ పాటలు దద్దరిల్లాల్సిన పని లేదు," అంది.

అలాంటి గిరాకీ అంటే నాకు ఇష్టం. మూడు రకాలు గాజుబల్ల మీద పెట్టాను. కంపెనీ ఒకటే. ఒకటి ముప్పై ఐదో నెంబరు మోడల్. అది రబ్బరు బుడిపెలతో చెవిని మూసేస్తుంది, దానికి తోడు చుట్టుపక్కల శబ్దాన్ని చెవిదాకా రానివ్వని ఏర్పాటు ఉంటుంది. ఆ రోజుల్లో ఆఫరులో పన్నెండు వందలకు వస్తోంది. నాకు లాభం కూడా దాంట్లోనే ఎక్కువ. రెండోది మామూలుది, గుండ్రంగా ఉంటుంది. మూడోది పన్నెండో నెంబరు, తొమ్మిది వందలు. దానికి రబ్బరు ఉండదు. చెవి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. జారకుండా చెవి వెనక్కి తగిలించుకునే మెత్తని కొక్కెం ఉంటుంది. లోపల పాట వస్తున్నా బయటి శబ్దం వినపడుతుంది. గొప్పవాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు.

మా అంగడిలో ఒక అలవాటు ఉంది. సీలు విప్పని పెట్టెలు అమ్మకానికి. ప్రతి రకంలో ఒక జత మాత్రం విప్పి, స్పిరిట్ దూదితో తుడిచి, పెట్టి చూసుకోవడానికి ఇస్తాను. చెవిలో పెట్టుకుని పాట వేసుకోమంటాను. నేను వాళ్ల వెనక నిలబడి, చేయి చాచినంత దూరంలో షట్టరు తాళాలగుత్తి ఊపుతాను. తిరిగి చూశారంటే ఆ బడ్స్ రోడ్డుకు పనికొస్తాయి. చూడలేదంటే ఇంట్లో కూర్చుని వినడానికి పనికొస్తాయి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు.

ముప్పై ఐదో నెంబరు పెట్టుకుని కృపారాణి నా ఎదురుగా తలాడిస్తూ నిలబడింది. నేను వెనక్కి పోయి తాళాలు మూడు సార్లు ఊపాను. ఎదురు టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె తిరగలేదు. పన్నెండో నెంబరు పెట్టుకున్నప్పుడు మొదటిసారి ఊపగానే తిరిగి, "ఏమన్నా, అంగడి మూస్తాండావా?" అని అడిగింది.

తర్వాత పరిగెత్తమన్నాను. టీ బంకు దాకా పోయి రమ్మన్నాను. సిగ్గుపడుతుందనుకున్నాను. చెప్పులు విప్పి మెట్టు మీద పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుని, బజారులో అందరూ చూస్తుండగా పరిగెత్తి వచ్చింది. రెండోరకం బడ్స్‌లో ఒకటి మోరీ కాలువ పక్కన పడింది. పన్నెండో నెంబరుతో రెండు సార్లు పోయి వచ్చింది, కదలలేదు. తమరు ఇంత వివరం ఎందుకని అడిగారు. నేను ఆమెకు ఏది వద్దన్నానో, ఏది ఇచ్చానో నాకు ఎంత బాగా గుర్తుందో తెలియడానికి చెబుతున్నాను.

అయినా ఆమె చూపు ముప్పై ఐదో నెంబరు మీదే ఉంది. అప్పుడు నేను ఈ మాటలు అన్నాను: "అది వద్దు పాపా. నువ్వు పరిగెత్తేది బండల లారీలు తిరిగే రోడ్డు. ఇది పెట్టుకుంటే ఎనకాల రైలొచ్చినా నీకు తెలీదు. పన్నెండే తీసుకో. అది గూడా ఎడమ చెవికే పెట్టుకో. కుడి చెవి రోడ్డుకు ఇడిసిపెట్టు."

ఆమె రోడ్డుకు ఎడమ అంచున పరిగెత్తుతుంది. వెనకనుంచి వచ్చే బండి కుడి పక్కన వస్తుంది. అందుకని అలా చెప్పాను. ఎదురుగా బండ్లు వచ్చే వైపు పరిగెత్తమని చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. అది నాకు తోచలేదు.

ఇప్పుడు వారంటీ కార్డు సంగతి. తక్కువ ధర సరుకుకు కంపెనీవాళ్లు కార్డులు సరిగ్గా పంపరు. పది పెట్టెలకు ఆరు కార్డులు వస్తాయి. ముప్పై ఐదో నెంబరుకు మాత్రం పెట్టెకు రెండు చొప్పున ఉంటాయి. రిపేరుకు కర్నూలు పంపితే అక్కడ చూసేది అంగడి ముద్ర, తేదీ. అందుకని ఏ కార్డు చేతికి దొరికితే ఆ కార్డు మీద పేరు రాసి ముద్ర వేసి ఇచ్చేస్తాము. నేనొక్కడినే కాదు, బజారులో అందరం అంతే చేస్తాము. ఆ రోజు పన్నెండో నెంబరు కార్డులు అయిపోయాయి. ముప్పై ఐదో నెంబరు అని అచ్చయిన కార్డు మీద కృపారాణి అని, తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఇది వేరేదాని కార్డు, అయినా నడుస్తుందిలే అన్నాను. ఆమె నవ్వి, పెద్దది కొన్నానని అందరికీ చూపించుకుంటానంది. ఆ కార్డే తమరి ఫైలులో ఉంది.

నవంబరు 25, మంగళవారం పొద్దున ఆరు గంటల ప్రాంతంలో జమ్మలమడుగు రోడ్డు మీద నాపబండల లారీ వెనకనుంచి వచ్చి కృపారాణిని కొట్టింది. నేను అక్కడ లేను. తొమ్మిది గంటలకు అంగడి తెరిచేసరికి తెలిసింది. ఆమెను కర్నూలుకు తీసుకుపోయారు. కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

ఆ మధ్యాహ్నానికే ఒక ఫోటో ఫోన్లలో తిరిగింది. తారు రోడ్డు మీద పడి ఉన్న ఒక ఇయర్‌బడ్. చెవులు మూసుకుని పరిగెత్తితే ఇంతే అని కింద ఎవరో రాశారు. అది నా ఫోనుకు ఏడు సార్లు వచ్చింది. ఆ బడ్ తర్వాత ఎవరి చేతికి పోయిందో తెలియదు. ఫోటో మాత్రం పెద్దది చేసి చూశాను. ఆ కొక్కెం చూస్తే పన్నెండో నెంబరని నాకు అర్థమైపోయింది. ఎడమ చెవిది. అది నాకు ఆ మొదటి రోజే తెలుసు. ఈ మాట తప్పకుండా రాయమని కోరుతున్నాను.

లారీ రాజశేఖర్ గారిది. ఆయనకు మూడు లారీలు, ఒక బండల గని ఉన్నాయి. నా అంగడి ఉన్న రూములు కూడా ఆయనవే. నవంబరు 27, గురువారం పొద్దున పది గంటలకు ఆయన అంగడికి వచ్చారు. ఎప్పుడూ రారు, అద్దెకు మనిషిని పంపిస్తారు. స్టూలు మీద కూర్చుని టీ తెప్పించుకున్నారు. నాకూ తెప్పించారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడని, ఆ పిల్లకు వినపడలేదని, పోలీసులు అడిగితే దాసన్న ఇచ్చిన వారంటీ కార్డు స్టేషన్‌లో ఉందని, దాని గురించి నన్ను పిలుస్తారని చెప్పారు. అన్నా, ఆ కార్డు వేరేదానిది, అమ్మింది వేరేది అని నేను చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"అడిగినదానికి చెప్పు ఓబుళేశూ. అడగంది నువ్వెందుకు చెప్పేది?" అన్నారు. లేస్తూ, "శానా ఏండ్ల నుంచి ఉండావు గదా ఈ రూములో," అన్నారు.

ఆయన బెదిరించారా అని తమరు అడిగారు. లేదు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. భుజం మీద చేయి వేసి పోయారు.

మరుసటి రోజు మధ్యాహ్నం స్టేషన్‌లో నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఈ ముద్ర మీ అంగడిదేనా? మాదే. ఈ రాత నీదేనా? నాదే. ఈ కార్డు మీద ఉన్న మోడల్ బయటి శబ్దం వినపడకుండా చేసే రకమేనా? అవును. మూడూ నిజాలే. నువ్వు ఆమెకు అమ్మింది ఇదేనా అని నాలుగో ప్రశ్న అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు. కార్డు చూస్తే ఎవరికీ ఆ అనుమానం రాదు. అడిగినదానికే చెప్పి బయటికి వచ్చాను. వచ్చి అంగడి తెరిచి సాయంత్రం దాకా వ్యాపారం చేశాను. ఆ రోజు ముప్పై ఐదో నెంబరు ఒకటి అమ్ముడుపోయింది. ఆ కుర్రవాడికి తాళాలు ఊపి చూపించలేదు.

డిసెంబరు 3, బుధవారం. సాయంత్రం ఐదు గంటలకు దాసన్న అంగడికి వచ్చాడు. ఇంటినుంచి మళ్లీ కర్నూలుకు బయలుదేరినట్టున్నాడు, సంచి చేతిలోనే ఉంది. గుడ్డ మూట విప్పి నల్లని చిన్న పెట్టె గాజుబల్ల మీద పెట్టాడు. అది బడ్స్ ఛార్జింగు పెట్టె. మూత పగిలి ఉంది.

"అప్పా, ఇందులో ఒకటి పోయిండాది. ఒకటే ఉండాది. ఆ పోయినదానికి జత ఇస్తావా? పాప ఊరికే పైకప్పు చూస్తా పండుకోని ఉండాది," అన్నాడు.

నేను మూత తెరిచాను. లోపల ఒక బడ్ ఉంది. ఆర్ అని రాసి ఉంది. కుడి చెవిది. ఇది ఎక్కడ దొరికిందని అడిగాను. ఆ రోజు ఆమె వేసుకున్న ప్యాంటుకు జిప్పు జేబు ఉందని, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన బట్టల మూటను ఇంట్లో అట్లే పడేశానని, ఈ పొద్దు ఉతకడానికి తీస్తే జేబులో ఉందని చెప్పాడు. జిప్పు వేసే ఉందా అని అడిగాను. వేసే ఉందన్నాడు. తాను తప్ప ఎవరూ తెరవలేదన్నాడు. అదంతా నేనెందుకు అడుగుతున్నానో ఆయనకు తెలియదు. ఫోను సామాన్లవాడు ఏవో అడుగుతాడనుకున్నాడు.

ఆ పెట్టె ఏం చెబుతోందో నాకు తెలుసు. ఆమె నేను చెప్పినట్టే ఎడమ చెవికి మాత్రమే పెట్టుకుని పరిగెత్తింది. కుడి చెవి రోడ్డుకు వదిలిపెట్టింది.

విడిగా ఒకటి దొరకదని దాసన్నకు చెప్పాను. అది నిజమే. పన్నెండో నెంబరు కొత్త జత తీసి ఊరికే ఇచ్చాను. పాతది ఇక్కడ పెట్టిపొమ్మన్నాను. ఆయన రెండు చేతులా దండం పెట్టాడు. ఊరికే తీసుకోనని, ఎంతో కొంత ఇస్తానని మొండికేశాడు. నేను తీసుకోలేదు. ఆయన పోయిన తర్వాత పాత పెట్టెను కాగితంలో చుట్టి, సిమ్ముకార్డుల డబ్బా కింద పెట్టాను. జాలితో ఇచ్చాననుకున్నాను మొదట. జాలి కొంత ఉంది. ఆ పెట్టె నా చేతిలో ఉంటే మంచిదన్నది అంతకంటే ఎక్కువ ఉంది.

డిసెంబరు 8, సోమవారం ఎర్రమిట్ట ఏసన్న రీఛార్జికి వచ్చాడు. ముందురోజు వాళ్ల చర్చిలో ఆరాధన అయ్యాక దాసన్న లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడని చెప్పాడు. వాళ్లలో దేవుడు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పే ఆచారం ఉంది. బిడ్డ కాలు పోయిన మనిషి ఏం మేలు చెబుతాడని అందరూ చూశారట. కోయిలకుంట్ల ఓబుళేశు అడగకుండానే బిడ్డకు కొత్త సామాను ఇచ్చాడు, ఒక్క పైసా తీసుకోలేదు, ఇంకా మంచివాళ్లు ఉన్నారు అని చెప్పాడట. పాస్టరు గారు నా పేరు ఎత్తి, నా భార్య పేరు అడిగి తెలుసుకుని, నా వ్యాపారం బాగుండాలని ప్రార్థన చేయించారట. నూరు మందికి పైగా కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారట. ఏసన్న ఇది సంతోషంగా చెప్పాడు. నేను ఆయనకు తప్పు నెంబరుకు రీఛార్జి చేశాను.

ఆ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. నా భార్య శివజ్యోతికి మొత్తం చెప్పాను. "మనం చెప్తే ఆ పాప కాలు తిరిగొస్తాదా? మనకు రూము పోతాది, అంతే. ఆ పెట్టె యాడన్నా పారెయ్యి," అంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ చదువుకుంటున్నారు. నా భార్యది తప్పని నేను అనను. ఆమె నాలాగే భయపడింది. పైకి అన్నది, అంతే తేడా.

డిసెంబరు 10, బుధవారం సరుకు తేవడానికి కర్నూలు పోయాను. పాత పెట్టెను చొక్కా జేబులో పెట్టుకున్నాను. ముందు ఆసుపత్రికి పోయి ఆ అమ్మాయికి చెప్పేసి, తర్వాత సరుకు చూసుకుందామనుకున్నాను. పదకొండున్నరకు వార్డులోకి పోయాను. ఎడమ చెవికి ఒక బడ్ పెట్టుకుని పడుకుని ఉంది. రెండోది పెట్టెలో ఉంది. ఏం వింటున్నావని అడిగాను. క్లాసులు కావంది. ఏదో కథలంది. ఒక చెవికే ఎందుకని నేను అడగలేదు. తానే చెప్పింది, నర్సు పిలిస్తే వినపడాలని.

ఆమె ఏడవలేదు. నాతో బాగానే మాట్లాడింది. వాళ్ల నాయన గురించి అడిగితే మాత్రం గోడవైపు చూసింది. తర్వాత ఈ మాటలు అంది: "అన్నా, తప్పు నాదే అంటాండారు అందరూ. హారన్ కొట్టినారంట. నాకు ఇనపడలేదు. కుడిది పెట్టుకోలేదనే నేను అనుకుంటాండా. కానీ ఆ పొద్దు మర్చిపోయి పెట్టుకుంటినేమో. దెబ్బ తగిలినాక ఏమీ గ్యాపకం లేదు. నీకిచ్చిన ఆ పాత పెట్టెలో కుడిది ఉండెనా అన్నా?"

పెట్టె నా జేబులోనే ఉంది. దాని మూల నా రొమ్ముకు గుచ్చుకుంటోంది. ఆమె నా మొహమే చూస్తోంది.

"ఏమో పాపా, నేను చూళ్లేదు," అన్నాను.

ఆమె సరేలే అన్నా అంది. అప్పటిదాకా కార్డు గురించి గానీ, పెట్టె గురించి గానీ నేను నోరు తెరిచి అబద్ధం ఆడలేదు. అడిగినదానికే చెబుతూ వచ్చాను. ఆమె సూటిగా అడిగింది. నేను అబద్ధం చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను సరైన ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

సరుకు తేలేదు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాను. ఆ రోజు, మరుసటి రోజు అంగడి తెరవలేదు. ఇంట్లో జ్వరమని చెప్పాను.

డిసెంబరు 12, శుక్రవారం పొద్దున ఏడు గంటలకు ఎర్రమిట్ట పోయి దాసన్నకు అంతా చెప్పాను. కార్డు సంగతి, రాజశేఖర్ గారు వచ్చిన సంగతి, పెట్టె సంగతి, ఆసుపత్రిలో నేను ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆయన గడప మీద కూర్చుని విన్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. పెట్టె ఇవ్వమన్నాడు. తెరిచి ఆ కుడి చెవిదాన్ని చాలాసేపు చూశాడు. మూత వేసి నా చేతికే ఇచ్చాడు. అప్పుడు అన్నాడు:

"ఆపరేషనైన రెండో దినం నేనే అంటి అప్పా దాన్ని. చెవులు మూసుకోని పరిగెత్తి కాలు పోగొట్టుకుంటివి, ఇంగ పోలీసు ఉద్యోగం యాడిది అని. తల్లి లేని బిడ్డను. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. అది చెవిలో పెట్టుకునేది తెచ్చిస్తే మాట్లాడతాదేమో అనే నీ అంగడికి వస్తి."

కర్నూలు బస్సు ఎన్ని గంటలకని అడిగాడు. ఎనిమిదికి ఉందన్నాను. గడియ పెట్టి బయలుదేరాడు. నేను బండి మీద ఎక్కించుకుని బస్టాండుకు తీసుకుపోతానన్నాను. వద్దన్నాడు. మూడు కిలోమీటర్లు నడిచి పోయాడు. నేను బండి తోసుకుంటూ కొంత దూరం ఆయన వెనక నడిచాను, ఎందుకో తెలియదు. తర్వాత ఎక్కి వచ్చేశాను. పదిన్నరకు ఈ కోర్టులో అర్జీ ఇచ్చాను.

అర్జీ సంగతి శనివారానికే అందరికీ తెలిసింది. రాజశేఖర్ గారు రాలేదు, ఫోను చేయలేదు. నా అంగడి మెట్టు మీద రోజూ కూర్చుని పేపరు చదివే ఇద్దరు ముసలివాళ్లు ఇప్పుడు అక్కడ కూర్చోవడం లేదు. రక్షణ కావాలా అని తమరు అడిగారు. ఏం కావాలో నాకు తెలియదు. భయం ఉంది. భయం లేదని రాయవద్దు.

పగిలిన పెట్టెను, అందులోని కుడి చెవి బడ్‌ను ఈ రోజు తమరికి అప్పగించాను. ఇంకా సీలు విప్పని పన్నెండో నెంబరు, ముప్పై ఐదో నెంబరు జతలు ఒక్కొక్కటి తెచ్చాను. కావాలంటే పక్కన పెట్టి పోల్చి చూడవచ్చు, తెలిసినవాళ్లతో పరీక్ష చేయించవచ్చు. నవంబరు నెలలో నాకు వచ్చిన పన్నెండో నెంబరు పెట్టెలు, కార్డులు ఎన్నో పంపిణీదారు దగ్గర లెక్క ఉంటుంది. పెట్టెలకు సరిపడా కార్డులు రాలేదని అక్కడ తెలుస్తుంది.

ఆ పొద్దు డ్రైవరు హారన్ కొట్టాడా లేదా అని తమరు అడిగారు. నేను అక్కడ లేను. కొట్టాడని చెప్పలేను, కొట్టలేదని చెప్పలేను. ఆమె పెట్టుకున్నది పన్నెండో నెంబరు. అది ఎడమ చెవికే పెట్టుకుంది. కుడి చెవి తెరిచే ఉంది. కొట్టి ఉంటే ఆమెకు వినపడేది. ఇది నేను ఎవరి ముందు నిలబడమన్నా నిలబడి చెబుతాను. దీని నకలు లాయర్లకు ఎప్పుడిచ్చినా సరే, ముందు కృపారాణికి చదివి వినిపించే ఏర్పాటు చేయమని వేడుకుంటున్నాను.

రాసినదంతా మధ్యాహ్నం రెండుంబావుకు నాకు చదివి వినిపించారు. ఆసుపత్రిలో జరిగిన చోట, పెట్టెను చూడలేదని ఆమెతో "పొరపాటున" అన్నాను అని ఉంది. ఆ మాట నేను చెప్పలేదు. నా మీద దయతో రాసి ఉంటారు. పొరపాటున కాదు, తెలిసే అన్నాను. ఆ ఒక్క మాట కొట్టేయమని కోరాను, నా ఎదురుగానే కొట్టేశారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం) ఓబుళేశు
కోయిలకుంట్ల, 15-12-2025

కొట్టివేసిన మాట ఒకటి. దాని పక్కన కూడా సాక్షి సంతకం చేశాడు.